పెళ్లికూతుళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: ముహూర్తం నుంచి అరుంధతి దాకా

మా చెల్లెళ్లు, పిన్ని కూతుళ్లు, ఆఫీసులో జూనియర్లు పెళ్లి కుదరగానే నాకు ఫోన్ చేస్తారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ గంటసేపు మాట్లాడే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇదంతా తెలుగు హిందూ పెళ్లిళ్ల సంగతి. పెళ్లిలో కదపడానికి వీల్లేనిది ముహూర్తం ఒక్కటే, అదీ కొన్ని నిమిషాలే. మిగతావన్నీ అటూ ఇటూ జరపొచ్చు. ఆ కాసేపూ మీరు ఆకలితో నీరసపడకుండా, పిన్నులు గుచ్చుకోకుండా, మామూలు మనిషిలా పీటల మీద కూర్చోగలగాలి. కింద చెప్పినవాటిలో చాలావరకు దానికోసమే.

పెళ్లి కుదిరింది. మొదట ఏ పని పట్టుకోవాలి?

మండపం. కానీ మండపం కంటే ముందు పంతులుగారిని ఒక్క ముహూర్తం కాకుండా రెండు మూడు అడిగి పెట్టుకోండి. మంచి ముహూర్తం మీ ఒక్కరికే మంచిది కాదు కదా. అదే రోజు ఊళ్లో ఇంకో యాభై పెళ్లిళ్లు ఉంటాయి. హాలు, వంటవాళ్లు, సన్నాయి, బ్యూటీషియన్, ఫోటోగ్రాఫర్ అందరూ ఆ తేదీకే గిరాకీ. చేతిలో రెండు తేదీలుంటే బేరం చేసే బలం మీకు ఉంటుంది. ఒక్కటే ఉంటే హాలువాళ్లు చెప్పిందే రేటు.

లగ్నపత్రిక రాయించుకోవడం ఆ తర్వాత. హాలు ఖాయం కాకుండా శుభలేఖలు అచ్చుకిచ్చి, వేదిక మారిందని మళ్లీ అందరికీ వాట్సాప్‌లో పంపుకున్న ఇళ్లు నేను చూశాను.

అన్ని నెలల్లోనూ ముహూర్తాలు ఎందుకు ఉండవు?

ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకి పనికిరావంటారు. ధనుర్మాసం, అధికమాసం కూడా అంతే. వీటికి తోడు మూఢం: గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కనబడకుండా పోయే రోజులు. కొన్ని సంవత్సరాల్లో మూఢం వరసగా వచ్చి నెలల తరబడి ముహూర్తాలే ఉండవు. అది తీరగానే మండపాలన్నీ ఒకేసారి నిండిపోతాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం మామూలుగా పెళ్లిళ్ల నెలలు. జ్యేష్ఠంలో మటుకు ఒక మెలిక ఉంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరూ ఇంటికి పెద్దవాళ్లైతే జ్యేష్ఠ మాసంలో చేయరు, మూడు జ్యేష్ఠాలు కలవకూడదని.

దీనిలో ఒక లాభం కూడా ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక బట్టల షాపులవాళ్లు తగ్గింపు పెడతారు. శ్రావణంలో పెళ్లైతే పెట్టుబడి చీరలు, అంటే బంధువులకి పెట్టేవి, అప్పుడే కొనేయండి. మీ పెళ్లి చీర మాత్రం తగ్గింపు చూసి కొనొద్దు.

ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి పడింది. ఏం చేయాలి?

మధ్యాహ్నం నిద్రపోవాలి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. రాత్రి ముహూర్తమైతే సాయంత్రం నుంచే రిసెప్షన్ పెట్టి, నాలుగు గంటలు స్టేజీ మీద నిలబెట్టి, ఆ వెంటనే పీటల మీద కూర్చోబెడతారు. పెళ్లికూతురి కళ్లు ఎర్రగా ఉంటే అప్పగింతలకి ముందే ఏడ్చిందనుకుంటారు. వీలైతే రిసెప్షన్ మర్నాటికో, వేరే రోజుకో జరపండి. వీలుకాకపోతే పదింటికల్లా స్టేజీ దిగేస్తానని ముందే ఇంట్లో చెప్పి, మీ తరఫున గట్టిగా మాట్లాడగల ఒక మనిషిని, మేనత్తైతే శ్రేష్ఠం, పక్కన పెట్టుకోండి.

ఉపవాసం సంగతి: ముహూర్తం దాకా పెళ్లికూతురు భోజనం చేయకూడదంటారు. పాలు, పళ్లు, కొబ్బరినీళ్లు తీసుకోవచ్చని చాలామంది పంతుళ్లే చెబుతారు. ఇంట్లో ఎవరైనా కాదంటే మీ పంతులుగారినే నేరుగా అడగండి. పీటల మీద హోమం పొగలో, లైట్ల వేడిలో, అయిదారు కిలోల పట్టు, నగలు, పూలతో కూర్చుంటారు. ఖాళీ కడుపుతో కళ్లు తిరుగుతాయి.

అసలు పెళ్లి అయ్యేది ఎప్పుడు? జీలకర్ర బెల్లమా, తాళా, ఏడడుగులా?

తెలుగువాళ్లకి సుముహూర్తమంటే జీలకర్ర బెల్లమే. మధ్యలో తెర పట్టుకుంటారు. గట్టిమేళం మోగుతుండగా ఇద్దరూ ఒకరి నడినెత్తిన ఒకరు తమలపాకులో పెట్టిన ముద్దని అద్దిపెడతారు, తెర తీస్తారు, ఒకర్నొకరు చూసుకుంటారు. శుభలేఖలో రాసిన టైము దీనికే. నూరిన జీలకర్రనీ బెల్లాన్నీ మళ్లీ విడదీయలేం, అలా కలిసుండాలని పెద్దవాళ్లు చెప్పే అర్థం.

మాంగల్యధారణ ఆ తర్వాత. మన తాళిలో రెండు బొట్లు ఉంటాయి, ఒకటి పుట్టింటివాళ్లు చేయించేది, ఒకటి అత్తింటివాళ్లది. పసుపుతాడుకి మూడు ముళ్లు. ఆ తర్వాత తలంబ్రాలు, బ్రహ్మముడి, హోమం, సప్తపది, మెట్టెలు, అరుంధతి.

చట్టం ఇంకోలా చూస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరిగితే చాలు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు వేయడంతో పెళ్లి పూర్తవుతుంది. మనం ముళ్లు లెక్కపెడితే చట్టం అడుగులు లెక్కపెడుతుంది! తంతు ఏదీ లేకుండా సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంచేత సప్తపది వేళకి బంధువులంతా భోజనాలకి వెళ్లిపోయినా, ఫోటోగ్రాఫర్ తొందరపెట్టినా, ఆ ఏడడుగులూ నిదానంగా వేయండి.

హెయిర్ స్టైల్, మేకప్‌లో తెలుగు పెళ్లికి ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, ఎవరూ చెప్పనిది. నడినెత్తి ఖాళీగా ఉండాలి.

మా చెల్లి పెళ్లిలో బ్యూటీషియన్ వెనక పెద్ద కొప్పు కట్టి, దాని పైన సవరం, సూర్యుడు చంద్రుడు బిళ్లలు, మల్లెచెండు అన్నీ పేర్చింది. అద్దంలో చూస్తే మహాలక్ష్మిలా ఉంది. గట్టిమేళం మొదలైంది, మా మరిది చేయి చాపాడు, పెట్టడానికి చోటు లేదు. పూల మధ్యలో రెండు వేళ్లు దూర్చి ఎలాగో అద్దాడు. ముద్ద జారి పాపిటలోంచి నుదుటి మీదికి వచ్చింది. బాసికం కింద బెల్లం కరిగి కనుబొమ్మ దాకా కారింది. ఆ తర్వాత ఫోటోలన్నింటిలో మా చెల్లి ఒక కన్ను సగం మూసే ఉంది.

కాబట్టి ట్రయల్ రోజునే బ్యూటీషియన్‌కి చెప్పండి: ఇక్కడ అరచేయి పట్టాలి అని చేత్తో చూపించి మరీ. జీలకర్ర బెల్లం నూరేవాళ్లకి కూడా ఒక మాట, నీళ్లు పోయొద్దు. బెల్లం తడే సరిపోతుంది, ముద్ద గట్టిగా ఉండాలి. మీ నడుము దగ్గర ఒక చిన్న కాటన్ రుమాలు దోపుకోండి. బాసికం దారం చెవుల మీదుగా వెళ్తుంది, బరువైన మాటీలు పెట్టుకుంటే రెండూ చిక్కుపడతాయి, అదొకటి గుర్తుంచుకోండి.

ఎన్ని చీరలు కావాలి? మధుపర్కాలు అంటే ఏమిటి?

పెళ్లికూతుర్ని చేసినప్పుడు ఒకటి, గౌరీపూజకి ఒకటి, ముహూర్తానికి ఒకటి, ఆ తర్వాత మధుపర్కాలు, రిసెప్షన్‌కి ఒకటి, సత్యనారాయణ వ్రతానికి ఒకటి. నలుగుకి, మంగళస్నానానికి పాతదో, చవక కాటనో చాలు. పసుపు మరక పట్టు మీద పడితే పోదు.

మధుపర్కాలు ఎర్రటో పసుపుపచ్చటో అంచున్న తెల్లటి నూలు బట్టలు. ఇద్దరూ కట్టుకుంటారు. ఏ ఘట్టంలో కడతారన్నది ఇంటింటికీ మారుతుంది. వేలు పోసి కొన్న అన్ని పట్టుచీరల మధ్య ఆ నూలు చీరలో ఉన్నప్పుడే మనం పెళ్లికూతుళ్లలా కనిపిస్తామని నా గట్టి నమ్మకం. కొంతమంది దాని మీద కూడా మగ్గం వర్క్ చేయిస్తున్నారు. నాకైతే నచ్చదు.

ముహూర్తం చీరకి ధర్మవరం, కంచి పట్టు ఎక్కువమంది తీసుకుంటారు. ధర్మవరం పట్టు బరువు. గంటల తరబడి కింద కూర్చునే అమ్మాయికి గద్వాల మేలు, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, గాలి ఆడుతుంది. ఎండాకాలం పెళ్లైతే ఈ మాట మరీ ఆలోచించండి. షాపులో చీర భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడితే సరిపోదు. పది నిమిషాలు బాసిపట్లు వేసుకుని కూర్చోండి. సేల్స్ అబ్బాయి విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి.

జాకెట్టు విషయంలో మూడు మాటలు. మగ్గం వర్క్‌కి కనీసం నెల టైమివ్వండి. లోపల రెండు వైపులా అంగుళం చొప్పున కుట్టు వదలమనండి. పెళ్లికి వారం ముందు చేయి పైకెత్తి వేసి చూసుకోండి, ఎందుకంటే తలంబ్రాలు పోయడానికి చేతులు తలకంటే ఎత్తుకి వెళ్తాయి. చంకలో పట్టేసిన జాకెట్టుతో తలంబ్రాల పోటీ గెలవలేరు.

గోరింటాకు, ఫేషియల్ ఎప్పుడు చేయించుకోవాలి?

మెహందీ రెండు రోజుల ముందు. అసలైన గోరింటాకు తీసిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజులకి ముదురుతుంది. అరగంటలో నల్లగా పండుతుందని ఎవరైనా అంటే ఆ కోన్ వద్దు. ఆ నలుపు కోసం పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం కలుపుతారు, కొందరికి బొబ్బలు ఎక్కుతాయి. కొత్త ఫేషియల్, కొత్త క్రీమ్ పెళ్లికి రెండు వారాల లోపు ముట్టుకోవద్దు.

ముహూర్తానికి పీరియడ్స్ వస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది.

అందరికీ ఉండేదే, అందరూ చివరిదాకా దాచుకునేదే. ముహూర్తం పెట్టే ముందే అమ్మలు వేళ్లు మడిచి లెక్కేస్తారు. పంతులుగారిని రెండు మూడు తేదీలు అడగమన్నది కొంత ఇందుకే. అయినా పెళ్లి హడావిడిలో నిద్ర తగ్గి, లెక్క తప్పొచ్చు.

వాయిదా వేసే మాత్రలున్నాయి, ఎక్కువగా రాసేది నోరెథిస్టెరోన్. పీరియడ్ రావాల్సిన తేదీకి సుమారు మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. ఆపిన రెండు మూడు రోజులకి వస్తుంది. మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. రక్తం గడ్డకట్టే సమస్య, కాలేయ సమస్య, మైగ్రేన్ ఉన్నవాళ్లు తప్పకుండా డాక్టరుకి చెప్పాలి. అందుకని ఫ్రెండ్ ఇచ్చిన మాత్ర కాకుండా, పెళ్లికి నెలన్నర ముందే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లిరండి. ఇంత చేసినా వస్తే? పెళ్లి ఆగదు. అమ్మకి చెప్పండి, పంతులుగారికి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో అమ్మే చూసుకుంటుంది. మన ముందు తరాలవాళ్లు ఈ పరిస్థితి మొదటిసారి చూడటం లేదు.

మా ఇంటి ఆచారం ఒకటి, వాళ్లది ఒకటి. ఎవరి మాట వినాలి?

తెలంగాణలో మైలపోలు, ఐరేని కుండలు, నాగవల్లి, ఒడిబియ్యం ఉంటాయి. గోదావరి జిల్లాలవాళ్లు సారె, చలిమిడి లేకుండా అమ్మాయిని పంపరు. కొందరిళ్లలో మేనమామ పెళ్లికూతుర్ని వెదురు బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తాడు, కొందరిళ్లలో నడిపించుకొస్తారు. ఆచారాలు పక్కపక్క వీధుల్లోనే మారిపోతాయి. యూట్యూబ్ చూసి జాబితా రాసుకోవద్దు. ఇద్దరి ఇళ్లలో పెద్దావిడలిద్దర్నీ, నాయనమ్మో అమ్మమ్మో ఎవరుంటే వాళ్లని, ఒకసారి ఫోన్లో మాట్లాడించి, పక్కన మీరు కాగితం పట్టుకుని కూర్చోండి. పీటల మీద కూర్చున్నాక వచ్చే గొడవల్లో సగం "మా వైపు ఇది లేదే" అన్న మాటతోనే మొదలవుతాయి.

బుట్ట ఆచారం ఉంటే మేనమామ నడుము నొప్పి సంగతి కూడా ముందే కనుక్కోండి.

బంగారం కొనేటప్పుడు ఏం చూడాలి?

ప్రతి నగ మీదా హాల్‌మార్క్ ఉండాలి: బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత, ఒక్కో నగకీ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబరు లేని హాల్‌మార్క్ నగలు షాపుల్లో అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ వివరాలు వస్తాయి. 22 క్యారెట్లకి 916 అని ఉంటుంది. రాళ్ల నగైతే రాళ్ల బరువు తీసేసి బంగారం బరువు విడిగా బిల్లులో రాయించండి. అసలు తేడా ధరలో కన్నా తరుగు, మజూరీలో ఉంటుంది. బేరమాడాల్సింది అక్కడ. బిల్లులు మీ పేరు మీద తీసుకుని మీ దగ్గరే పెట్టుకోండి.

హాలు, క్యాటరింగ్‌వాళ్లతో ఏం మాట్లాడుకోవాలి?

ఏం మాట్లాడుకున్నా కాగితం మీద పెట్టండి. హాలు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, కరెంటు యూనిట్ల లెక్కా, జనరేటర్ డీజిల్ ఎవరిది, క్లీనింగ్ ఛార్జీలు వేరా, బయటి డెకరేషన్‌వాళ్లని రానిస్తారా, రద్దైతే అడ్వాన్సులో ఎంత వెనక్కిస్తారు. రాత్రి ముహూర్తమైతే గంటల ప్రశ్న చాలా ముఖ్యం. అప్పగింతలు నడుస్తుండగా తర్వాతి పెళ్లివాళ్లు సామాన్లు దింపడం మొదలుపెట్టిన హాలు నాకు తెలుసు.

క్యాటరింగ్‌లో కనీస ప్లేట్ల సంఖ్య తక్కువగా ఒప్పుకుని, పైన ఎన్ని పెరిగినా వడ్డించే మాట తీసుకోండి. విస్తళ్లు లెక్కపెట్టడానికి మీ వైపు నుంచి ఒక బాబాయిని పెట్టండి, ఆయనకి వేరే పని చెప్పొద్దు. ఆ బాబాయికి భోజనం ముందే పెట్టించండి.

ఫోటోగ్రాఫర్‌కి ఏం చెప్పాలి?

తంతు మధ్యలో పంతులుగారిని ఆపొద్దని. ముహూర్తం టైములో "మళ్లీ ఒకసారి చేయి పెట్టండి సార్" అనడం వద్దని. ఆల్బమ్ ఇచ్చే తేదీ రాయించుకుని, డబ్బులో కొంత అప్పటిదాకా ఆపండి.

కట్నం, కానుకల విషయంలో చట్టం ఏమంటుంది?

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. శిక్ష అయిదేళ్లకి తగ్గకుండా జైలు, 15,000 రూపాయలకి గానీ కట్నం విలువకి గానీ ఏది ఎక్కువైతే దానికి తగ్గకుండా జరిమానా. అడగకుండా ఇచ్చే కానుకలు వేరు. వాటికి 1985 నాటి నిబంధనల ప్రకారం జాబితా రాయాలి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవాళ్ల పేరు, బంధుత్వం, కింద వధూవరుల సంతకాలు. పెళ్లికూతురికి వచ్చిన వాటి జాబితా పెళ్లికూతురి దగ్గరే ఉండాలి.

ఈ జాబితా రాసేవాళ్లని నేను ఎక్కువగా చూడలేదు. చదివింపుల పుస్తకం మాత్రం ప్రతి పెళ్లిలోనూ ఉంటుంది, ఎవరు 516 చదివించారో ఇరవై ఏళ్ల తర్వాత కూడా చెప్పగలరు. అదే పుస్తకంలో ఇంకో నాలుగు పేజీలు దీనికి వాడుకోవచ్చు. పెళ్లిలో మీకు వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు.

పెళ్లి రిజిస్ట్రేషన్, ఇంటిపేరు మార్పు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫోటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి. భర్త విదేశంలో ఉంటే వీసాకి ఈ సర్టిఫికెట్ అడుగుతారు, ఆలస్యం చేయొద్దు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో మీ పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. మార్చుకుంటే అన్నింటిలోనూ మార్చండి, లేకపోతే దేన్నీ ముట్టుకోకండి. సగం సగం చేస్తేనే తిప్పలు.

పెళ్లైన మొదటి ఆషాఢంలో పుట్టింట్లోనే ఉండాలా?

అత్తా కోడళ్లు ఒకే గడప దాటకూడదని ఆనవాయితీ. ఉద్యోగం చేస్తూ వేరే కాపురం ఉన్నవాళ్లు అత్తగారు ఆ నెల రాకుండా చూసుకుంటే సరిపోయిందంటున్నారు. నేనైతే ఉన్న సెలవులన్నీ పెట్టి అమ్మ దగ్గరికి వెళ్లాను. తర్వాత శ్రావణంలో మంగళగౌరీ వ్రతం మొదలవుతుంది, అయిదేళ్లు పట్టాలి, అంత తీరుబడి మళ్లీ దొరకదు.

అరుంధతి నిజంగా కనబడుతుందా?

కనబడుతుంది, నెలని బట్టి. సప్తర్షి మండలంలో తోకలా ఉన్న మూడు నక్షత్రాల్లో మధ్యది వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని మసగ్గా ఉండేది అరుంధతి. వైశాఖంలో రాత్రి పది ప్రాంతంలో ఉత్తరం వైపు బాగా ఎత్తులో ఉంటుంది. మాఘంలో ఇంకొంచెం పొద్దుపోయాక ఈశాన్యంలో పైకి వస్తుంది. కార్తీకంలో అయితే తెల్లవారుజామునే. మండపం లైట్ల కింద నుంచి కాస్త పక్కకి జరిగితే, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక తెలుస్తుంది. పగటి ముహూర్తమైతే పంతులుగారు ఎండలోకి వేలు చూపించి "కనబడిందా అమ్మా?" అంటారు. కనబడిందనండి.